గంజాం మండలమున ఊపిరితిత్తుల కాన్సరు: రోగనిర్ణయమునకు పట్టు కాలము

రాచపుండు అను పేరు తెలుగువారికి చిరపరిచితము. ఏలయన అది కంటికి గానవచ్చు వ్యాధి. చుట్ట నిప్పుకొసను నోటిలోనికి త్రిప్పి కాల్చు అడ్డపొగ అలవాటు శ్రీకాకుళము మొదలు గంజాం వరకు, ముఖ్యముగ స్త్రీలయందు, వ్యాపించియుండెను. 1971లో ప్రకటితమైన యొక పరిశోధనమున శ్రీకాకుళము జిల్లా గ్రామీణులను 10,169 మందిని పరీక్షింపగా, నూటికి 43.8 మంది అడ్డపొగ త్రాగువారని తేలినది. అంగిటిపై లేచిన పుండును రోగి అద్దములో చూచుకొనగలడు. ఊపిరితిత్తిలోని గడ్డ అట్టిది కాదు. దగ్గు, కఫములో నెత్తురు, చిక్కిపోవుట అను దాని లక్షణములన్నియు క్షయకును గలవు.

కఫములో క్షయక్రిములు గానరాకున్నను, ఎక్స్‌రేలోని నీడను బట్టి క్షయమందు లిచ్చుట మనదేశమున తరచుగ జరిగినది. ఆ చికిత్స సామాన్యముగ ఆరు మాసములు. మందు పనిచేయలేదని గ్రహించుటకే రెండు మూడు మాసములు గడచును. క్షయ ఇంతగా ప్రబలిన దేశమున దీనిని వైద్యుని అజ్ఞాన మనుట న్యాయము కాదు. అయినను, బ్రాంకోస్కోపు ద్వారానో సూదితోనో చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినిలో చూచినగాని నిజము తేలదు.

అట్టి పరీక్షకై బరంపురమువారు ఎచ్చటికి పోవలెను? 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాలయు, కింగు జార్జి ఆసుపత్రియు వెలసినపుడు గంజాం మద్రాసు రాజధానిలోనిదే. దక్షిణమునకు రైలు దారి కలదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా గంజాములో అధికభాగ మందు చేరినది. 1944లో కటకమున వైద్యకళాశాల నెలకొల్పబడినది. అప్పటినుండి తెలుగు కుటుంబములకు సిఫారసు చీటి కటకమునకు, చుట్టములు విశాఖలో. ఈ తర్జనభర్జనలోనే ఎన్ని దినములు గడచెనో! 1962లో బరంపురముననే వైద్యకళాశాల స్థాపితమైనది.

జాగుచేసిన ఫలము శస్త్రచికిత్సయందు బయటపడును. వ్యాధి ఊపిరితిత్తిని దాటినచో కత్తికి పని లేదు. 1933లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఎవార్ట్స్ గ్రాహం ఒక రోగి ఊపిరితిత్తి నంతను తొలగించి బ్రతికించెను. రోగి 1963 వరకు జీవించెను. పొగత్రాగరియైన గ్రాహము, తనకు సోకిన అదే వ్యాధి శస్త్రమునకు లొంగనంత ముదిరిన పిదపనే బయటపడగా, 1957లో మరణించెను.

ఇంగ్లండులో వైద్యుని అత్యవసర సిఫారసు మొదలు తొలి చికిత్స వరకు 62 దినములు మించరాదని హద్దు పెట్టిరి. ఆ లెక్క సిఫారసుతో ఆరంభమగును. బరంపురపు రోగి యంతకుముందే క్షయబిళ్లలతో మాసములు గడపియుండవచ్చును. కనుక కేసుపత్రమున ఆసుపత్రిలో చేరిన తేదితోపాటు దగ్గు మొదలైన మాసమును, అంతవరకు వాడిన మందులను, తిరిగిన ఊళ్లను గూడ వ్రాసియుంచుట అవసరము.