చలికాలంలో శెనక్కాయ బస్తాల వెంట ఇంట్లోకి చేరే పురుగులు

జూన్, జులైలో విత్తిన శెనక్కాయ (పత్తికొండ, ఆలూరు వైపు బుడ్డలు అంటారు) అక్టోబరు, నవంబరులో ఇంటికి చేరుతుంది. అమ్మగా మిగిలిన విత్తనం కాయలను వచ్చే తొలకరి దాకా ఇంట్లోనే బస్తాల్లో దాస్తారు. ఆ తర్వాత గోడల మీద, బండల సందుల్లో పురుగులు కనిపిస్తే చలికి ఇంట్లోకి దూరాయని అనుకుంటారు. నిజానికి అవి చేలో నుంచి బస్తాలతో వచ్చినవే.

వీటిలో మొదటిది ముదురు గోధుమ రంగు నల్లి. పొలంలో ఆరుతున్న కాయల మీదే చేరుతుంది. బస్తా కదిపితే గుంపులుగా పరుగెత్తుతుంది. కాయ లోపలి గింజ రసం పీల్చడంతో గింజ ముడతలు పడి, నూనె తగ్గి, చేదెక్కుతుంది. కాయలు ఆరేటప్పుడు కుప్పను రెండు మూడు సార్లు తిరగేసి, ఎండలో దులిపి బస్తాకెత్తితే చాలావరకు పొలంలోనే వదిలించుకోవచ్చు.

అసలు నష్టం చేసేది రెండోది, కాయ తొలిచే పెంకు పురుగు. వెనక కాళ్ళ తొడలు లావుగా ఉంటాయి. కాయ పైపొట్టు మీద సన్నని తెల్లని గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు పొట్టును తొలుచుకుని నేరుగా లోపలికి పోయి గింజ తింటుంది. అందుకే కాయకు గుండ్రని రంధ్రం పడేదాకా మనకు తెలియదు. ఒక తరం పూర్తవడానికి సుమారు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. అంటే నవంబరులో వచ్చిన నాలుగు పురుగులు జూన్ నాటికి మూడు తరాలకు పైగా పెరుగుతాయి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ పురుగుకు చింత గింజ కూడా ఆహారమే. చింతచెట్టు కింద కాయల కుప్ప పోసినా, గింజ తీయని చింతపండును శెనక్కాయ బస్తాల గదిలో ఉంచినా పురుగును మనమే పిలిచినట్టు. చింతపండు గింజ తీసి, వేరే గదిలో పెట్టండి.

నిల్వకు ముందు కాయల్లో తేమ 9 శాతం మించకూడదు. కాయను ఊపితే గలగలలాడాలి, గింజను నలిపితే పైపొర ఊడిరావాలి. పాత గోనె సంచులను వేడినీళ్ళలో ముంచి ఎండబెట్టండి. కడప బండలు పరిచిన ఇళ్ళలో బండల సందులు, గోడ నెర్రెలు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చాలి. బస్తాలు చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చాలి. గాలి చొరబడని మూడు పొరల సంచులు దొరికితే వాటికి మించింది లేదు. కాయలు సరిగా ఆరకుండా వాటిలో కడితే మాత్రం బూజు పడుతుంది. వేపాకు వేస్తే పురుగు రాక కొంత తగ్గవచ్చు గాని, కాయ లోపల ఉన్నది చావదు. కాయలను విత్తే ముందు మాత్రమే ఒలవాలి.

ఇక ముఖ్యమైన మాట. బస్తాల మధ్య బిళ్ళలు (అల్యూమినియం ఫాస్ఫైడ్) పెట్టే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉంది. ఆ బిళ్ళ గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతుంది. అది నెర్రెల గుండా పక్క గదిలోకీ పోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. మనుషులు పడుకునే ఇంట్లో ఒక్క బిళ్ళ కూడా పెట్టవద్దు. ఎవరైనా ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వద్దనండి. ఇప్పటికే పెట్టి ఉంటే పిల్లలతో సహా అందరూ బయటికి వచ్చేయండి. మళ్ళీ లోపలికి పోకుండా వ్యవసాయ సిబ్బందికి చెప్పండి. వాంతులు, ఛాతీ బిగపట్టడం, ఆయాసం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేసి, ఏ బిళ్ళ వాడారో డాక్టరుకు చెప్పాలి. అంతగా పురుగు పట్టిన సరుకును ఇంట్లో ఉంచుకోకుండా విత్తనానికి పనికొచ్చేది ఏరి, మిగతాది వెంటనే అమ్మేయడమే మేలు.

నెలకోసారి ఒక బస్తా విప్పి అడుగు భాగం చూడండి. పల్చని కాగితం లాంటి గూళ్ళు అక్కడే ముందు కనిపిస్తాయి. మే నెలలో 100 గింజలు తడి గోనెలో చుట్టి మొలక చూడండి. 70 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనం మీద ఆధారపడకుండా, తొలకరికి ముందే మీ రైతు సేవా కేంద్రంలో విత్తనం కోసం పేరు రాయించుకోండి.