స్లాష్ కథనం – పాఠక సముదాయం: ఒక చారిత్రక పరిశీలన

ఒక కథలోని ఇద్దరు పురుషుల స్నేహాన్ని అభిమానులు ప్రణయంగా ఊహించి రాసే రచనకు స్లాష్ అని పేరు. పాత్రల పేర్ల నడుమ వేసే ఏటవాలు గీత నుండి ఈ పేరు ఏర్పడింది. ఇటువంటి రచన పాఠకునికి మొదట ఏ దారిన పరిచయమవుతుంది, ఆ దారి ఎటువంటి సముదాయాన్ని నిర్మిస్తుంది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

అన్యుల ప్రణయాన్ని తన గొంతుతో పలకడం తెలుగుకు కొత్త కాదు. చంద్రగిరి నుండి పాలించిన సాళువ నరసింహరాయల సమకాలికుడైన తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) శృంగార సంకీర్తనల్లో నాయికగానూ, చెలికత్తెగానూ మాట్లాడాడు. మధురభక్తి సంప్రదాయం ఆ గొంతుమార్పును ముందే ఆమోదించింది. స్లాష్ పాఠకునికి అటువంటి ఆమోదం లేదు. సంప్రదాయం ఇవ్వని ఆమోదాన్ని అతడు తోటి పాఠకుల్లో వెతుక్కోవలసి వచ్చింది.

అమెరికన్ టెలివిజన్ ధారావాహిక ‘స్టార్ ట్రెక్’ (1966–69) అభిమానులు సొంత ఖర్చుతో చిన్న పత్రికలు వెలువరించారు. 1974లో ‘గ్రప్’ మూడవ సంచికలో డయాన్ మర్చంట్ రాసిన చిన్న కథ అచ్చయిన తొలి స్లాష్ రచనగా పేరొందింది. అందులో పాత్రల పేర్లు లేవు. తెలిసినవారికే తెలియాలన్నది నాటి జాగ్రత్త. ఈ పత్రికలు తపాలా ద్వారా, అభిమానుల సమావేశాల ద్వారా చేతులు మారేవి. కాబట్టి కొత్త పాఠకురాలికి కథ కంటే ముందు ఒక పరిచయస్థురాలు అవసరమైంది.

తెలుగునాట అభిమానం ఇందుకు భిన్నంగా బహిరంగమైనది. సినిమాహాలు, కటౌట్లు, అభిమాన సంఘాలు దాని వేదికలు. 2008లో చిరంజీవి తిరుపతి సభలో ప్రజారాజ్యం పార్టీని ప్రకటించడం ఆ బహిరంగత రాజకీయంగా మారిన సందర్భం. ఈ అభిమానానికి కేంద్రం కథానాయకుడే గాని కథ కాదు.

ఈ రెండు దారులు ‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) విషయంలో కలిశాయి. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం కలుసుకున్నట్టు చరిత్ర చెప్పదు. వారి స్నేహం రాజమౌళి కల్పన. ఆ అర్థంలో చిత్రమే ఒక ఊహాకథ. తెలుగు రాని విదేశీ ప్రేక్షకులు కొందరు ఆ స్నేహాన్ని ప్రణయంగా చదివి, ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే అంతర్జాల భాండాగారంలో కథలు చేర్చారు. అక్కడ పరిచయస్థుల అవసరం లేదు. పాత్రల పేర్లతో వెతికితే చాలు.

భీముడు రాముణ్ణి భుజాలపై మోసే దృశ్యం తెలుగు ప్రేక్షకునికి స్నేహధర్మం. ఆ పాఠకులకు ప్రణయ సంకేతం. ఈ భేదం చిత్రంలో కంటే పఠన సంప్రదాయాల్లో ఉంది. అయితే అక్కడ వెతుకులాటకు పనికివచ్చే పేర్లే ఇక్కడ అమరవీరుల పేర్లు. భీం గోండు ప్రజలకు ఆరాధ్యుడు. అందువల్ల సినిమా పాత్రను, చారిత్రక వ్యక్తిని వేరుచేసి చూడటం ఈ రచనలను అధ్యయనం చేసే తెలుగు విమర్శకు తొలి కర్తవ్యం. ఆ విభజన లేనిదే ఊహకు గల స్వేచ్ఛనూ, స్మృతికి దక్కవలసిన గౌరవాన్నీ ఏకకాలంలో నిలపడం సాధ్యం కాదు.