మన్యమున వేసిన బాట

ఊరికి బాట వచ్చినచో సిరి వచ్చునని పెద్దలందురు. అది నిజమే. కాని అది ఎవరి నడకకై, ఎవరి చెమటతో, ఎవరి నడిగి వేయబడినదో విచారింపక బాటను మెచ్చుట తగదు. విశాఖపట్టణపు మన్యచరిత్రము మన కీ సంగతిని చక్కగా నేర్పుచున్నది.

1882 సంవత్సరపు మద్రాసు అటవీ చట్టముతో కొండవారికి పోడు సేద్యము, కలప, పశువుల మేత అన్నింటికిని అడ్డులు కలిగెను. అటుపిమ్మట నర్సీపట్టణమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు బాట పని సాగినది. గూడెములో డిప్యూటీ తహసీలుదారుగా నుండిన బాస్టియన్ కొండవారిచే బలవంతముగా పని చేయించి చాలీచాలని కూలి యిచ్చెను. అడవి తమది కాకపోయెను. అందులోనికి బాట మాత్రము తమ చేతులతోనే వేయవలసివచ్చెను. ఆ బాట వెంట మీదికి అధికారులు వచ్చిరి. క్రిందికి కలప పోయెను.

ఈ వెట్టియు అటవీ నిర్బంధములును అల్లూరి శ్రీరామరాజు తిరుగుబాటునకు ముఖ్యకారణము లయ్యెను. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై దాడులు జరిగినవి. మలబారు పోలీసులును అస్సాం రైఫిల్సు దళమును మన్యమునకు దిగినవి. 1924 మే 7వ తేదీన రాజు కాల్చబడెను.

అట్లని బాట వలదని నేననను. బాట లేని కొండపల్లెలనుండి నేటికిని నిండుచూలాండ్రను డోలీ కట్టి మోసికొని వచ్చుచున్నారు. వారికి బాట ప్రాణముతో సమానము. అయినను వేయు తీరు తెలియవలెను. కొండవాలును త్రవ్వి వెడల్పు చేసినపుడు, మట్టిని పట్టియుంచు చెట్లవేళ్లు తెగును; తొలివానకే ఆ మట్టి జారి క్రింది మళ్లను, ఊటలను పూడ్చును. వాగునకు తగిన తూము పెట్టనిచో నీరు చేల మీదికి తిరుగును.

2006 సంవత్సరపు అటవీ హక్కుల చట్టము ఈ విషయమున నొక మార్గము చూపినది. బాట మొదలగు ఊరి సౌకర్యములకై ఒక్కొక్క పనికి హెక్టారు లోపు అడవిభూమి నీయవచ్చును. హెక్టారునకు 75కు మించి చెట్లు కొట్టరాదు. దానికి గ్రామసభ సిఫారసు వలయును.

కావున పెద్దలారా, కొలత గొలుసు పొలిమేరకు వచ్చిన నాడే సభ కూర్చుండవలెను. ఊటలెక్కడ, తూములెక్కడ, ఎవరి చేను పోవును, కూలి యెంత యని అడిగి వ్రాయించుకొనవలెను. నాడు గూడెమువారిని అడిగినవారు లేరు. నేడు అడుగుటకు చట్టమున్నది. సభలో నోరు విప్పుట మన వంతు.