బందోబస్తు, సెటిల్మెంటు

హిందీలో చరిత్ర చదువుకొన్న విద్యార్థికి 1793లో కారన్‌వాలిస్ బెంగాలులో చేసిన భూమిశిస్తు ఏర్పాటు 'స్థాయీ బందోబస్త్' అను పేరుతో పరిచయము. ఆ మాటను ఉన్నదున్నట్లు తెలుగులోనికి దింపి 'శాశ్వత బందోబస్తు' అని వ్రాసినచో, తెలుగు పాఠకుని కన్నుల ముందు జమీందారు నిలువడు. లాఠీలు పట్టుకొని తిరునాళ్ల వీధిలో నిలిచిన పోలీసులు కనబడుదురు.

రెండు భాషలకును మూలము ఒక్కటే. పారసీకములో 'బంద్', 'బస్త్' అను రెండు మాటలును కట్టుట అను ధాతువు నుండి పుట్టినవి. మన 'కట్టుదిట్టము' వంటి జంట అది. హిందీలో ఆ జంట విస్తరించి, పెండ్లివారి భోజనముల ఏర్పాటు మొదలుకొని సర్కారువారి శిస్తు నిర్ణయము వరకు అన్నింటికిని సరిపోయినది. తెలుగులో కాపలా అను భాగము మాత్రము మిగిలినది. కంపెనీవారి కచేరీలలో ఈ బందోబస్తునకు జోడుగా నిలిచిన ఇంగ్లీషు మాట 'సెటిల్మెంటు'. భారతదేశ చరిత్రలో ఇన్ని వేషములు వేసిన ఇంగ్లీషు మాటలు కొద్దిగానే ఉండును.

ప్రాచీన ఇంగ్లీషులో 'సెట్ల్' అనగా ఆసనము. సెటిల్ అగుట అనగా కుదురుగా కూర్చుండుట. ఆ కుదురు నుండియే తగవు తీరుట, అప్పు చెల్లుట, పెండ్లికూతురి పేర ఆస్తి వ్రాయుట, కొత్త ఇంటి పునాది నేలలోనికి కొంచెము దిగుట, అన్నియు సెటిల్మెంటులైనవి. ఇంగ్లండు సింహాసనమునకు వారసులెవ్వరో తేల్చిన 1701 నాటి చట్టము పేరును ఇదే. అయితే మన కథకు అంతకన్న ముఖ్యమైనది 1662 నాటి పేదల చట్టము. దాని ప్రకారము ప్రతి పేదవానికిని ఏదో ఒక పారిష్‌లో సెటిల్మెంటు ఉండవలెను. ఏటికి పది పౌండ్ల విలువకు తక్కువైన ఇంట దిగిన కొత్తవాడు రేపు తమకు భారము కావచ్చునని స్థానికాధికారులు నలువది దినములలో ఫిర్యాదు చేసినచో, ఇద్దరు మేజిస్ట్రేటులు వానిని వెనుకకు పంపివేయవచ్చును. కూర్చుండుట అక్కడ హక్కును అయినది, కట్టును అయినది. కలవానికి సెటిల్మెంటు ఆస్తి. లేనివానికి అది ఎల్ల.

ఓడలెక్కి తూర్పుదేశములకు వచ్చిన వర్తకులు ఈ మాటను వెంట తెచ్చుకొన్నారు. 1611లో మచిలీపట్టణమున ఇంగ్లీషువారు స్థావరమేర్పరచుకొన్నారు. దానిని వారు 'ఫ్యాక్టరీ' అన్నారు. అందులో యంత్రములు లేవు, ఫ్యాక్టరులను గుమాస్తాలు మాత్రము ఉండిరి. కోటగోడ లేచి, చుట్టును జనము చేరి, న్యాయస్థానము, సమాధులు ఏర్పడిన తరువాత మద్రాసు వంటి చోటు సెటిల్మెంటు అనిపించుకొన్నది. 1826లో పెనాంగు, మలక్కా, సింగపూరులను కలిపి 'స్ట్రెయిట్స్ సెటిల్మెంట్స్' అని పేరే పెట్టినారు. ఇట్టి చోటును తెలుగులో 'వలస' అన్నారు. ఇందులో ఒక చిత్రమున్నది. ఇంగ్లీషు మాట వచ్చి కూర్చున్నవానిని చూచినది. తెలుగు మాట బయలుదేరి వచ్చినవానిని చూచినది. తీరమున నిలిచి ఓడలను చూచిన వారికి రెండవ దృష్టియే సహజము.

భూమిశిస్తు విషయమున ఈ మాట అన్నింటికన్న బరువైనది. 1793 మార్చి 22న ప్రకటించిన శాశ్వత సెటిల్మెంటు జమీందారు వసూలు చేయు శిస్తులో పదునొకండింట పదివంతులు కంపెనీకి చెందునని లెక్కగట్టి, ఆ మొత్తమును ఎన్నటికిని మార్పులేనిదిగా నిలిపినది. గడువునాటి సూర్యాస్తమయమునకు డబ్బు ముట్టనిచో ఎస్టేటు వేలమునకు వచ్చును. 'శాశ్వతము' అనిపించుకొన్నది కంపెనీకి చెల్లవలసిన మొత్తమే గాని చెల్లించు కుటుంబము కాదు. తొలి ఏండ్లలోనే బెంగాలులో ఎన్నో పాత జమీందారీలు చేతులు మారినవి. పొలము దున్ను రైతు ఈ ఒడంబడికలో పక్షస్థుడే కాడు. 1802లో మద్రాసు ప్రభుత్వము చేసిన రెగ్యులేషను ద్వారా ఇదే ఏర్పాటు ఉత్తర సర్కారులకు వచ్చినది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చువరకు దాని నీడ తెలుగు నేలపై ఉన్నది.

మన్రో మార్గము వేరు. జమీందారును తప్పించి, ప్రభుత్వము రైతుతోనే నేరుగా లెక్క చూచుకొనుట రైత్వారీ. భూమిని కొలిచి, మన్ను తరము నిర్ణయించి, శిస్తు కట్టుటకు సెటిల్మెంటు శాఖయే ఏర్పడినది. ఒకసారి కట్టిన రేటు సాధారణముగా 30 ఏండ్లు నిలుచును, పిదప 'రీసెటిల్మెంటు'. కూర్చున్నవానిని లేపి మరల కూర్చుండబెట్టుట యన్నమాట. లేచిన ప్రతిసారియు పీట ఖరీదు పెరుగుచుండెను. 1928లో గుజరాతులోని బార్డోలీ తాలూకా రైతులు వల్లభభాయి పటేలు నాయకత్వమున శిస్తు నిరాకరించినది ఇట్టి రీసెటిల్మెంటు మీదనే. అప్పటి పెంపు నూటికి 22 వంతులు. విచారణ తరువాత అది సుమారు ఆరు వంతులకు దిగినది. ఆ రోజులలోనే కృష్ణా, గోదావరి డెల్టాలలోను రీసెటిల్మెంటునకు ప్రతిగా రైతుల ఆందోళన లేచినది.

1857 తిరుగుబాటు తరువాతి ఏడు, అండమానులోని పోర్టుబ్లెయిరులో ఖైదీల సెటిల్మెంటు ప్రారంభమైనది. 1858 మార్చిలో మొదటి ఓడ రెండువందల మందిని తెచ్చి దింపినది. హిందీ జనము దానిని 'కాలాపానీ' అన్నారు. ఆ పేరులో కూర్చుండుట ఎక్కడను లేదు, దాటరాని నీరు మాత్రము ఉన్నది.

ఇక మిగిలినది ఈ మాట ధరించిన అన్నింటికన్న కఠినమైన వేషము. 1871లో ఉత్తర హిందూస్థానమునకై చేసిన నేరస్థ జాతుల చట్టము కొన్ని కులములు మొత్తముగా, పుట్టుకతోనే నేరస్థులని భావించినది. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చినది. ఆ చట్టము ప్రకారము ప్రభుత్వము ఒక జాతిని గాని అందులో ఒక భాగమును గాని 'సెటిల్మెంటు'లో ఉంచవచ్చును. ఏ న్యాయస్థానమును ఆ మనిషి నేరమును ఋజువు చేయనక్కరలేదు. తెలుగు దేశమున ఈ చట్టము దెబ్బ ముఖ్యముగా ఎరుకలవారిపై పడినది. వారిలో అనేకులు గాడిదలపైన, ఎడ్లపైన ఉప్పు, ధాన్యము వేసికొని తీరమునుండి లోనాడులకు తిరుగు వర్తకులు. సర్కారు ఉప్పు విధానము, రైలు కలిసి ఆ వర్తకమును చెరిపివేసినవి. బ్రతుకు తెరువు పోయిన పిదప మిగిలిన తిరుగుడు ప్రభుత్వమునకు నేరముగా కనబడినది.

బాపట్ల సమీపమున స్టువర్టుపురము, బెజవాడ ఎదుట సీతానగరము సాల్వేషన్ ఆర్మీ చేతిలోను, కావలి సెటిల్మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషనరీల చేతిలోను నడచినవి. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేర మొదటిది వెలసినది. అక్కడ ఇండ్లు, బడి, సాగుకు కొంత భూమి ఉండినవి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలును అక్కడినుండి వెళ్లిరి. ఇవి నిజమే. హాజరు పిలుపును నిజమే. అనుమతి చీటీ లేక ఊరు దాటినవాడు, ఏమియు దొంగిలింపకున్నను, దాటినందుకే శిక్షార్హుడు. 1662 నాటి ఇంగ్లీషు పారిష్ చట్టము ఆలోచన రెండున్నర శతాబ్దముల తరువాత సముద్రము దాటి ఇక్కడ ముళ్లు మొలిపించుకొన్నది.

మద్రాసు రాష్ట్రము ఈ చట్టమును 1947లో రద్దుచేసినది. దేశమంతటను 1952 ఆగస్టు 31న అది పోయినది. ఆ జాతులకు 'విముక్త జాతులు' అను పేరు వచ్చినది. అయితే పలు రాష్ట్రములు దాని స్థానమున అలవాటు పడిన నేరస్థుల చట్టములను తెచ్చినవి. పోలీసుల అనుమానము చట్టముతోపాటు రద్దు కాలేదు.

అనువాదకునికి చిక్కు ఇచ్చట వచ్చును. శిస్తు విషయమున 'నిర్ణయము', తగవునకు 'పరిష్కారము', వర్తకులకు 'వలస' అని వ్రాసి ముందుకు సాగవచ్చును. 1911 చట్టములోని మాటకు ఏమి వ్రాయవలెను? హిందీలో 'బస్తీ' అందురు. బస్తీ అనగా జనము వచ్చి నివసించు చోటు, అది మెత్తని మాట. 'ఆవాసము' అన్నచో హాజరు పట్టీ మాయమగును. 'నిర్బంధ శిబిరము' అన్నచో బడియు, పొలమును మాయమగును. జనము ఈ కష్టము పడలేదు. వారు 'సెటిల్మెంటు' అనియే అన్నారు. అదే జనము ఉద్యోగము దొరికిన కుర్రవాడు సెటిలైనాడనుచున్నారు. న్యాయస్థానము మెట్లెక్కకుండ బలవంతుడు తీర్చు భూమి తగవును సెటిల్మెంటనుచున్నారు. 1931లో పూర్తియైన నిజాంసాగరు క్రింద సాగుకు తీర జిల్లాలనుండి వెళ్లిన రైతుల సంతతిని తెలంగాణములో నేటికిని సెటిలర్లనుచున్నారు.

బాపట్ల ప్రాంతపు రెవెన్యూ కచేరీలో సెటిల్మెంటు రిజిస్టరు అనగా సర్వే నెంబరు, విస్తీర్ణము, మన్ను తరము, శిస్తు. అక్కడికి కొద్ది మైళ్ల దూరమున, స్టువర్టుపురము తాతల కాలపు వాడుకలో అదే మాటకు అర్థము పేరు పిలిచినప్పుడు పలుకవలసిన చోటు.