కత్తికి అందని చోటు

1919లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, బార్న్స్ ఆసుపత్రిలో ఒక రోగి చనిపోయాడు. శవపరీక్ష చూడటానికి వైద్య విద్యార్థుల్ని పిలిపించాడు ప్రొఫెసర్ జార్జ్ డాక్. ఇలాంటి కేసు మళ్లీ మీ కంట పడకపోవచ్చన్నాడు. అంత అరుదైన ఆ జబ్బు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ విద్యార్థుల్లో ఒకడైన ఆల్టన్ ఆక్స్‌నర్‌కు రెండో కేసు కనిపించడానికి 17 ఏళ్లు పట్టింది. ఆ తర్వాత ఆరు నెలల్లోనే తొమ్మిది మంది వచ్చారు. అందరూ మొదటి ప్రపంచ యుద్ధంలో సిగరెట్టు మరిగినవాళ్లే.

అదే 1919లో అక్కడికి సర్జరీ విభాగం పెద్దగా వచ్చాడు ఎవార్ట్స్ గ్రాహం. షికాగోలో సర్జన్‌గా ఉన్న తండ్రికి తగ్గ కొడుకు. యుద్ధకాలంలో సైనిక శిబిరాల్లో ఛాతీలో చీము పట్టి కుర్రాళ్లు రాలిపోతుంటే, తొందరపడి ఛాతీ తెరవడమే వాళ్లను చంపుతోందని తేల్చినవాడు. ఎప్పుడు కొయ్యకూడదో తెలిసిన సర్జన్లు ఏ కాలంలోనైనా తక్కువే.

1933 ఏప్రిల్ 5న ఆయన బల్లమీద పడుకున్నది ఒక డాక్టరే. పిట్స్‌బర్గ్‌లో కాన్పులు చేసే జేమ్స్ గిల్మోర్, 48 ఏళ్లవాడు. ఆపరేషన్‌కు ముందు ఊరికి వెళ్లి పళ్లు బాగుచేయించుకుని వచ్చాడట. బతుకు మీద ఆశ ఉందని గ్రాహం సంతోషించాడట. సమాధికి స్థలం కూడా కొనుక్కుని వచ్చాడన్న సంగతి ఆయనకు తర్వాతగానీ తెలియలేదు.

ఎడమ ఊపిరితిత్తిలో పైభాగం తీస్తే చాలనుకుని ఛాతీ తెరిచాడు. చూస్తే గడ్డ అక్కడితో ఆగలేదు. తీస్తే మొత్తం తియ్యాలి. క్యాన్సర్‌కని ఒక ఊపిరితిత్తిని ఒకే ఆపరేషన్‌లో పూర్తిగా తీసి మనిషిని నిలబెట్టినవాడు అప్పటికి లేడు. చూడటానికి వచ్చిన గిల్మోర్ స్నేహితుడైన డాక్టర్ని అక్కడికక్కడే అడిగాడు, కానివ్వమంటావా అని. తర్వాత ఊపిరితిత్తి మొదట్లో రక్తనాళాలను బిగించి ఆగాడు. నిమిషంన్నర. గుండె తట్టుకుంటుందా? నాడి తప్పలేదు. అప్పుడు కోశాడు. ఖాళీ అయిన చోటు పూడటానికి ఏడు పక్కటెముకలు కూడా తీశాడు. గిల్మోర్ బతికాడు, మళ్లీ వెళ్లి కాన్పులు చేశాడు. ఆ ఒక్క ఆపరేషన్‌తో గ్రాహం పేరు లోకమంతా పాకింది.

ఆ చేతికే సిగరెట్టు అలవాటు. తెగ కాల్చేవాడు. సిగరెట్ల అమ్మకాలతో పాటే క్యాన్సర్ పెరుగుతోందని ఆక్స్‌నర్ వాదిస్తే, నైలాన్ మేజోళ్ల అమ్మకాలూ పెరిగాయిగా అని నవ్వేశాడట. ఎర్న్‌స్ట్ విండర్ అనే విద్యార్థి లెక్క తేలుస్తానని వస్తే, ఈ వాదం ఇక్కడితో తెగిపోతుందిలే అన్నట్టు ఒప్పుకున్నాడు. తెగింది గ్రాహం నమ్మకం. 684 మంది రోగుల వివరాలతో 1950లో ఇద్దరి పేర్లతోనూ వ్యాసం వచ్చింది. జబ్బుపడ్డ మగవాళ్లలో నూటికి 96 మందికి పైగా ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చినవాళ్లే. అప్పటికీ సందేహం వదలక, పొగ నుంచి తీసిన తారును ఎలుకల వీపులకు పూయించి చూశాడు. నూటికి 44 ఎలుకలకు క్యాన్సర్ వచ్చింది. తన మాట తప్పని తేలితే, తన పేరుతోనే అచ్చువేయించుకునే పెద్దమనిషి ఎంతమందికి దొరుకుతాడు?

1950ల మొదట్లోనే సిగరెట్టు మానేశాడు. పాముకాటుకు భయపడిన పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ కట్టుకుని తలుపులన్నీ బిగించుకున్నాడు. తక్షకుడు పండులో పురుగై లోపలికి వచ్చాడు. గ్రాహం విషయంలో అయితే మేడ కట్టకముందే పురుగు లోపల ఉంది.

1957 జనవరిలో ఫ్లూ లాంటిదేదో పట్టుకుని వదల్లేదు. ఎక్స్‌రే తీశారు. అలాంటి ఫిల్ములు వేలల్లో చూసిన మనిషికి విడమరిచి చెప్పేదేముంది? ఒక పక్క అయితే తానే నేర్పిన ఆపరేషన్ ఉంది, చెయ్యగల శిష్యులూ ఉన్నారు. కానీ గడ్డలు రెండు పక్కలా ఉన్నాయి. రెండో ఊపిరితిత్తి మిగులుతుందన్న ధైర్యంతోనే గదా గిల్మోర్‌ది తీసింది!

ఇక మిగిలింది కీమో. ఆయనకు ఇచ్చింది నైట్రోజన్ మస్టర్డ్. యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువుకు చుట్టం. పాత మిత్రుడు ఆక్స్‌నర్‌కు ఉత్తరం రాశాడు. రెండు వైపులా క్యాన్సర్ వచ్చిందని, సిగరెట్టు మానేసినా అన్నేళ్లు కాల్చిన కాల్పుకు జరగాల్సిన చెడుపు అప్పటికే జరిగిపోయిందని. ఆ మందు ఆయన్ను నిలపలేకపోయింది. మార్చి 4న, 74వ పుట్టినరోజుకు ఇంకా పదిహేను రోజులుందనగా, తన ఆసుపత్రిలోనే పోయాడు.

పిట్స్‌బర్గ్‌లో గిల్మోర్ 1963 దాకా ఉన్నాడు, ఒక్క ఊపిరితిత్తితోనే.