రెండు మసాలియాలు

ఈసారి చరిత్ర రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి.

మేం దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో ఉంటాం. మా అమ్మమ్మది బందరు, అంటే మచిలీపట్నం. గ్రీకులు ఆ వైపు తీరాన్ని మసాలియా అనేవారని ఎక్కడో చదివి, నెట్‌లో వెతికాను. వచ్చింది ఫ్రాన్స్‌లోని మార్సెయ్!

దాని గ్రీకు పేరు మస్సాలియా. క్రీ.పూ. 600 ప్రాంతంలో, ఇప్పటి టర్కీ తీరంలోని ఫోకయా నుంచి గ్రీకులు ఓడల్లో వచ్చి ఆ ఊరు కట్టుకున్నారు. అక్కడి రాజు కూతురు గిప్టిస్ వాళ్ల నాయకుణ్ణి పెళ్లాడిందని ఒక కథ. వ్యాపారంతో బాగా పెరిగిన ఆ ఊరు క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్‌కు లొంగిపోయింది.

నేను తొందరపడి అమ్మమ్మకు ఫోన్ చేశాను. "అమ్మమ్మా, మన ఊరు కూడా గ్రీకులే కట్టారా?"

"వాళ్లెందుకురా? మనవాళ్లు లేరూ?"

సిగ్గేసింది. మళ్లీ చదివాను. మన మసాలియా పేరు క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు పుస్తకం 'పెరిప్లస్'లో ఉంది. అక్కడ సన్నని నూలుబట్టలు చాలా తయారవుతాయని రాశారు. మస్సాలియాను గ్రీకులు కట్టారు. మసాలియాలో మాత్రం బట్టలు మనవాళ్లవి, వాళ్లు రాసుకున్నది పేరు.

ఈ వారం నేర్చుకున్న మాట: రేవు. 'బందర్' అన్నా పారసీకంలో అదే. అమ్మమ్మ ఊరికి ఓడల రేవు పేరు, మా పేటకు విమానాల రేవు పేరు. దోహాలో 2014లో కొత్త విమానాశ్రయం వచ్చింది. మా పేట పేరు మాత్రం మారలేదు.