విద్యుత్ స్పర్శ: బిలాస్‌పూర్ రైలు తీగ, పాంటోగ్రాఫ్

రెండు వాహకాలు తాకి, ఒకదాని నుంచి మరొకదానికి కరెంటు దాటే చోటును విద్యుత్ స్పర్శ అంటారు. విద్యుత్ రైలులో ఇది పట్టాల పైనున్న రాగి తీగకూ, దాన్ని కింది నుంచి నొక్కుతూ కరెంటు అందుకునే, ఇంజను కప్పు మీది చట్రమైన పాంటోగ్రాఫ్‌కూ మధ్య ఉంటుంది. బండి కదిలినంతసేపూ ఈ చోటు జారుతూనే ఉంటుంది. ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్ రాకపోకలన్నీ దీనిపైనే ఆధారపడ్డాయి. దీని చరిత్రలో పనివారి అనుభవం ముందు నడిచింది, సిద్ధాంతం తర్వాత వచ్చింది.

బిలాస్‌పూర్ నేపథ్యం

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను కూడలిగా మార్చింది. ఉత్తరాంధ్ర మార్గం కూడా 1902 తర్వాత అదే కంపెనీ చేతిలో ఉండేది. రైల్వే ఉద్యోగాలతో తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో స్థిరపడ్డాయి. 1957లో భారత రైల్వేలు 25 కిలోవోల్టుల ఏసీ పద్ధతిని ఎంచుకోగా, తీగలు దశలవారీగా ఇక్కడికి చేరాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఏర్పడింది. 2022 ఆగస్టు 15న ఈ జోన్ కోర్బా నుంచి నడిపిన ‘సూపర్ వాసుకి’ గూడ్సు 295 వ్యాగన్లలో సుమారు 27 వేల టన్నుల బొగ్గు మోసింది. దాని పొడవు దాదాపు 3.5 కిలోమీటర్లు. 6 వేల హార్స్‌పవర్ ఇంజను పూర్తి శక్తితో లాగేటప్పుడు తీగ నుంచి సుమారు 200 ఆంపియర్లు తీసుకుంటుంది; అదంతా ఆ జారే స్పర్శ గుండానే దాటాలి.

కార్బన్ రాక

ఇలాంటి జారే స్పర్శే తొలి డైనమోల్లోనూ ఉండేది; అక్కడ రాగి బ్రష్షులే కరెంటును అందుకునేవి. అవి నిప్పురవ్వలు చిమ్ముతూ త్వరగా అరిగేవి. 1885లో జార్జ్ ఫోర్బ్స్ వాటి స్థానంలో కార్బన్‌ను ప్రవేశపెట్టాడు. కార్బన్ ఎందుకు మేలో అప్పటికి పూర్తిగా తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎత్తున ఎగిరే విమానాల్లో కార్బన్ బ్రష్షులు పొడిపొడిగా రాలిపోవడంతో పరిశోధన మొదలైంది. గ్రాఫైట్ పొరలు సులువుగా జారడానికి గాలిలోని నీటి ఆవిరి అవసరమని 1948లో రాబర్ట్ సావేజ్ తేల్చాడు. భారత రైల్వేల పాంటోగ్రాఫ్‌లలోనూ ఉక్కు పట్టీల స్థానంలో లోహం కలిసిన కార్బన్ పట్టీలు వచ్చాయి.

నిజంగా తాకేది ఎంత?

నున్నగా కనిపించే లోహంపైనా సూక్ష్మమైన గుట్టలుంటాయి. వాటి కొనలే ఎదుటి తలాన్ని తాకుతాయని బౌడెన్, టేబర్ 1939లో కొలతలతో చూపారు. పాంటోగ్రాఫ్ తీగను దాదాపు 7 కిలోల బలంతో నొక్కినా, లెక్క ప్రకారం నిజంగా తాకేది చదరపు మిల్లీమీటరు కన్నా తక్కువే. కరెంటంతా ఆ చుక్కల గుండానే ఇరుకుగా పోవాలి. ఈ ఇరుకు వల్ల కలిగే నిరోధాన్ని, వేడిని స్వీడన్ శాస్త్రవేత్త రాగ్నర్ హోమ్ శాస్త్రంగా నిలబెట్టాడు. ఆయన లెక్కలో రాగి స్పర్శపై వోల్టేజి 0.12 వోల్టులు దాటితే చుక్క మెత్తబడుతుంది, 0.43 వోల్టులకు కరుగుతుంది.

పరమాణు స్థాయి

రాగిలో ఎలక్ట్రాన్ రెండు ఢీల మధ్య దాదాపు 40 నానోమీటర్లు సాగుతుంది. చుక్క అంతకన్నా చిన్నదైతే మామూలు నిరోధ సూత్రం చెల్లదని, ఎలక్ట్రాన్లు ఢీకొనకుండానే దాటిపోతాయని 1965లో యూరీ షార్విన్ గుర్తించాడు. 1981లో బిన్నిగ్, రోరర్ స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపును నిర్మించాక లోహపు తలాలపై పరమాణువులను విడివిడిగా చూడడం సులువైంది. దగ్గరైన రెండు శుద్ధ లోహపు కొనలు హఠాత్తుగా అతుక్కుంటాయని, విడదీస్తే సన్నని మెడలా సాగి తెగుతాయని 1990లో ఉజీ లాండ్‌మన్ బృందం చూపింది. 1998లో ఒక్క పరమాణువు మందం గల బంగారు గొలుసు గుండా కరెంటు పంపారు. దాని నిరోధం సుమారు 12.9 కిలో ఓములు.

నిర్వహణలో ఫలితం

లోహం లోహానికి అతుక్కుని చిరగడమే అరుగుదలకు ఒక మూలమని ఈ పరిశోధనలు వివరించాయి. కార్బన్ రాగికి అలా అతుక్కోదు. పాంటోగ్రాఫ్ ఒత్తిడి పెరిగితే రాపిడి హెచ్చుతుంది, తగ్గితే స్పర్శ తెగి ఆర్క్ (విద్యుత్ మెరుపు) పుడుతుంది. ఒకే చోట గాడి పడకుండా తీగను తిన్నని మార్గంలో అటూ ఇటూ 200 మిల్లీమీటర్ల వరకు జరిపి కడతారు. 12.24 మిల్లీమీటర్ల మందం గల కొత్త తీగ 8.25 మిల్లీమీటర్లకు అరిగితే మార్చాలి. సిబ్బంది టవర్ వ్యాగన్ ఎక్కి కొలిచే ఆ తేడా పరమాణువుల స్థాయిలో మొదలైన నష్టమే. కోర్బా బొగ్గు విద్యుత్ కేంద్రాలకు ఆగకుండా చేరడానికి ప్రయోగశాల ఎంత తోడ్పడిందో, తీగ కింద పనిచేసే చేతులూ అంతే తోడ్పడ్డాయి.